చర్చిలోని బేస్ బాక్స్

"మాట మాత్రం చాలా స్పష్టంగా వినపడుతోందండి," అన్నాడు భీమేశ్వరరావు రెండోసారి.

మొదటిసారి అన్నప్పుడు సైమన్ ముఖం వెలిగింది. రెండోసారి వెలగలేదు. భీమేశ్వరరావు కూతురు రసజ్ఞ చేతులు కట్టుకుని, సైమన్ వాళ్ల హాల్లో స్టాండ్ల మీద నిలబెట్టిన రెండు కొత్త స్పీకర్ల వంకే చూస్తోంది. శనివారం తెల్లాపూర్‌లో, వాళ్ల కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో జరగబోయే హల్దీ, పెళ్లికి ముందు పసుపు వేడుక, ఆమెదే.

"నాన్నా, శనివారం ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు," అంది చివరికి. "డాన్స్ చేస్తారు. సైమన్ గారూ, ఇందాకటి పాటే ఇంకోసారి పెట్టండి."

సైమన్ పెట్టాడు. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఆమె వెనకాల డోలు మాత్రం ఎవరో అట్టపెట్టె మీద వేలితో కొడుతున్నట్టుంది.

రసజ్ఞ అరచేతిని పొట్ట మీద ఆనించుకుని కాసేపు ఆగింది. "ఇక్కడ తగలాలండి. ఏమీ తగలట్లేదు. బేస్ ఏది?"

"ఇది చిన్న హాలు మేడం. క్లబ్‌హౌస్‌ల ఇంకా మంచిగుంటది."

"పెద్ద హాల్లో ఇంకా తగ్గుతుంది కదండీ. నేనూ ఇంజినీర్నే."

సోఫా చివర టీ కప్పుల ట్రే ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కెజియాకు నవ్వొచ్చింది. భర్త సైమన్ వంక చూసి ఆపుకుంది.

"పోనీలే అమ్మా, కుర్రాడు డీజే పని కొత్తగా మొదలుపెడుతున్నాడు," అన్నాడు భీమేశ్వరరావు.

"అందుకే రేపటి దాకా చూస్తానంటున్నా నాన్నా. బేస్ వస్తే వీళ్లే. లేకపోతే కావ్య పెళ్లికి చేసినతను ఖాళీగానే ఉన్నాడట." ఆమె చెప్పులు వేసుకుంటూ కెజియా వైపు తిరిగి, "టీ చాలా బాగుందండి," అంది.

టీ బాగుందన్న మాటకు కెజియా నిజంగానే సంతోషించింది. ఆ సంతోషం లిఫ్టు తలుపులు మూసుకునేదాకా ఉంది.

సైమన్ తల్లి దీనమ్మ డ్యూటీకి తయారై లోపలి గదిలోంచి వచ్చింది. ఆమె గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. అట్టపెట్టెల మధ్య దారి వెతుక్కుంటూ తలుపు దగ్గర ఆగింది.

"ఏమన్నరు?"

"మాట బాగుందన్నారు అత్తయ్యా."

"మంచిదే గదా మరి. ముఖాలు గట్లెందుకు పెట్టిండ్రు?"

"బేస్ లేదన్నారు."

"గింత సామాను తెచ్చి, అది తేలేదా?"

సైమన్ వైర్లు చుట్టుకుంటున్నాడు. డాన్సు లైట్లు ఆపడం అతను మరిచిపోయాడు. స్టాండు మీది చిన్న డబ్బాలోంచి వస్తున్న ఆకుపచ్చ చుక్కలు దీనమ్మ తెల్లకోటు మీద తిరుగుతున్నాయి. ఆమె భుజం మీద ఒకదాన్ని చేత్తో దులుపుకుంది. అది పోలేదు. మళ్లీ దులుపుకుంది. కెజియా ట్రే తీసుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ నవ్వుకుని తిరిగి వచ్చింది.

"సోమవారం సంగతి గుర్తుంది గదరా," అంటోంది దీనమ్మ.

"గుర్తుంది మమ్మీ."

"శనివారం ప్రోగ్రాం మంచిగైతే నీ ఇష్టం, నేను మీ డాడీకి చెప్పుకుంట. కాకపోతే సోమవారం పొద్దుగాల ఆఫీసుకు పోయి రాజీనామా వాపస్ తీస్కుంటవ్. నాకు మాటిచ్చినవ్."

"ఇచ్చిన."

"కెజియా, నువ్వు విన్నవ్ గదా బిడ్డా?"

"విన్నాను అత్తయ్యా."

తలుపు మూసుకుంది. పక్క ఫ్లాటులో మిక్సీ తిరుగుతోంది. కెజియా నేల మీద కూర్చుని, స్పీకర్లకు చుట్టివచ్చిన గాలిబుడగల కవరు దగ్గరికి లాక్కుని ఒకటి నొక్కింది. టప్‌మంది.

"అది ఆపుతవా జర?"

ఆపింది.

"నువ్వు ఆఫీసుల టెస్టింగే చేస్తవ్ గదా. పొద్దున్నుంచి ఇంట్లనే ఉన్నవ్. వింటున్నవ్. బేస్ లేదని నువ్వన్నా చెప్పొచ్చు గదా."

"నేను చూస్తున్నది నిన్ను. స్పీకర్లని కాదు."

ఇంకో రోజైతే అతను నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. వైరు చుట్టడం కూడా సరిగా కుదరలేదు, మళ్లీ విప్పాడు.

"సరే, టెస్టర్‌గానే అడుగుతాను," అంది కెజియా. "శనివారం ఏమేం కావాలి? లాప్‌టాప్ ఉంది. పాటలు కలిపే కంట్రోలర్ ఉంది. స్పీకర్లు ఉన్నాయి. వైరు లేని మైకులు రెండు. ఒక వైరు పోతే ఇంకొకటి. కరెంటు ఎగుడుదిగుడైతే స్టెబిలైజర్. బేస్ ఒక్కటే లేదు. కిరాయికి దొరకదా?"

"అందర్ని అడిగిన. శనివారం పెద్ద ముహూర్తం. కోఠిల ఒక్కటి ఖాళీ లేదు, మణికొండల లేదు. కొత్తది కొనాలంటే దీన్ని వాపస్ ఇయ్యాలె. విప్పినంక తీస్కోరంట."

దీన్ని అంటూ అతను చూపించింది డైనింగ్ టేబుల్‌ను సగం ఆక్రమించిన మిక్సర్‌ను. పదహారు మైకులు ఒకేసారి తగిలించుకోవచ్చు దానికి. మంగళవారం అట్టపెట్టెలు విప్పినప్పుడు కెజియాకు అన్నిటికంటే నచ్చింది అదే. దాని బొత్తాలు వరసగా, రంగురంగుల చాక్లెట్ల లాగా ఉన్నాయి. ఎందుకని ఆ రోజు అడగలేదు.

"ఇదెందుకు కొన్నావు సైమన్?"

"మిక్సర్ లేకుండ ఎట్ల?"

"చిన్నది చాలదా? పాటలకి ఒకటి, మైకులకి రెండు, యాంకర్ వస్తే ఇంకోటి. మిగతా పన్నెండూ ఎవరికి? హల్దీలో అందరూ కలిసి కోరస్ పాడతారా?"

"రేపు బిజినెస్ పెరిగితే పనికొస్తది."

"మన చర్చిలో పాతదానికి రెండు లైన్లు పోయాయి కదా. నవనీత అక్క పాడేటప్పుడల్లా నువ్వు తబలా వైరు పీకి ఆవిడకి పెడతావు. నేను ఆడవాళ్ల వైపు కూర్చుని చూస్తూనే ఉంటాను. ఇది వస్తే ఇక పీకక్కర్లేదు. అంతేనా?"

సైమన్ వైరు కింద పెట్టాడు. బడిలో చదివే రోజుల నుంచి ఆదివారాలు చర్చిలో వెనక బల్ల దగ్గర సౌండు చూసేది అతనే. పెళ్లి కుదిరినప్పుడు కెజియా వాళ్ల భీమవరంలో అందరికీ చెప్పిన మొదటి మాట కూడా అదే, అబ్బాయి చర్చిలో మైకు చూస్తాడని.

"షాపులో స్పీకర్లు ఏం పెట్టి విన్నావు?" అని అడిగింది ఆమె. ఈసారి గొంతు తగ్గించింది.

"పాటే."

"ఏ పాట?"

"పాటే అన్న గదా."

"సైమన్."

"డాడీది," అన్నాడు. "డాడీ ఒక్కడే పాడింది. నా ఫోన్ల ఉండె. షాపాయన వరసగ పెట్టి వినిపించిండు. వేరేవాటిల్ల డాడీ గొంతు గిన్నెలకెళ్లి వచ్చినట్టుండె. వీటిల్ల మనిషి వచ్చి నిలబడ్డట్టుండె. ఇగ వేరేది విననేలేదు."

"అందులో డోలు ఉందా?"

"లేదు."

"తబలా?"

"ఏం లేదు. ఒట్టి గొంతే."

కెజియాకు పెద్దగా నవ్వాలనిపించింది, అతని తల నిమరాలనీ అనిపించింది. తల నిమిరింది.

"డీజే సామాను కొనడానికి వెళ్లి, మామయ్య గారి గొంతు విని కొనుక్కొచ్చావు."

"నవ్వకు."

"నవ్వట్లేదు." కానీ ఆమె భుజాలు కదులుతున్నాయి. అతను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు, అతని పెదవి చివర కూడా కొంచెం కదిలింది. అంతలోనే సోమవారం గుర్తొచ్చినట్టుంది, లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"చర్చిలో బేస్ బాక్స్ ఉంది కదా," అంది కెజియా.

పోయిన క్రిస్మస్‌కు యూత్ వాళ్లు చందాలు పోగుచేసి కొన్నారు దాన్ని. బీరువాలో సగం ఎత్తుంటుంది. స్త్రీల సమాజం వాళ్లు దానికి కుచ్చులు పెట్టి మెరూన్ రంగు వెల్వెట్ తొడుగు కుట్టారు. పండుగలకు తప్ప ఆ తొడుగు తియ్యరు.

"ఆ మాట అనకు."

"ఎందుకు?"

"అది బయటికి రావాలంటే సంఘ పెద్ద ఒప్పుకోవాలె. సంఘ పెద్ద మా డాడీ. రాజీనామా సంగతి చెప్పిన ఆదివారం నుంచి నాతోటి మాట్లాడుతలేడు. నేనైతే అడగ."

"నేను అడుగుతాను."

"కెజియా, నీకు తెల్వది ఆయన సంగతి."

"నీకు తెలుసా?" అంది ఆమె, మామూలుగా.

అంతలో ముందు తలుపు తెరుచుకుంది.

సైమన్ తండ్రి సాల్మన్ బడి నుంచి వచ్చాడు. లెక్కల మాస్టారు. చర్చిలో పాటలు నడిపించేది ఆయనే. చెప్పులు గోడవారగా పెట్టి, తను పుట్టినప్పటి నుంచీ అట్టపెట్టెలు అక్కడే ఉన్నట్టు వాటిని చుట్టి నడిచి వచ్చి, కుర్చీ ముందు ఆగాడు. కుర్చీకి అడ్డంగా ఒక స్టాండు ఉంది.

"కెజియా, కూసుందామంటే ఇంట్ల జాగ ఉందా బిడ్డా?"

"ఆ స్టాండు జరిపితే కూర్చోవచ్చు మామయ్య గారూ."

"దాని ఓనర్ని జరపమను."

మామగారి ముందు భర్తను 'మీరు' అనే కెజియా సైమన్ వైపు తిరిగింది. "మిమ్మల్ని జరపమంటున్నారు."

"వినపడ్డది," అంటూ సైమన్ జరిపాడు.

టీ ఇచ్చాక కెజియా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఏం చెప్పాలో వంటింట్లో అంతా అనుకుని వచ్చింది. తీరా కూర్చున్నాక ఒక్క వాక్యమే మిగిలింది.

"మామయ్య గారూ, శనివారం ఒక్కపూటకి చర్చి బేస్ బాక్స్ కావాలి."

సాల్మన్ టీ ఒక గుక్క తాగాడు. "ఏడికి?"

"తెల్లాపూర్."

"ఏం కార్యం?"

"హల్దీ అండి. పెళ్లికూతురికి పసుపు రాస్తారు. పాటలు పెట్టుకుంటారు. మధ్యాహ్నం భోజనాల లోపు అయిపోతుంది."

"తాగుడు ఉంటదా?"

"క్లబ్‌హౌస్‌లో తాగనివ్వరట."

"ఎగురుడు?"

"ఉంటుందండి," అంది కెజియా. అబద్ధం చెప్పడానికి ఆమెకు కారణం కనిపించలేదు.

"చర్చి సామాను ఎగురుళ్లకు పోదు బిడ్డా."

కిటికీ దగ్గర నుంచి సైమన్ అన్నాడు, "కెజియా, క్రిస్మస్ నాడు యూత్ పోరలు దాని ముంగట ఎట్ల ఎగిరిండ్రో అడుగు."

"అది ప్రభువు కోసం ఎగిరిండ్రని చెప్పు."

"వీళ్లు పెళ్లిపిల్ల కోసం ఎగురుతరని చెప్పు."

కెజియా ఎవరికీ ఏమీ చెప్పలేదు. సాల్మన్ కప్పులోకి చూస్తున్నాడు. సైమన్ కిటికీలోంచి ఎదురు అపార్ట్‌మెంటు బాల్కనీలో ఆరేసిన బట్టలు చూస్తున్నాడు. వాళ్లిద్దరూ మౌనంగా ఉన్నప్పుడు మెడ ఒకే వైపు వంచుతారని ఆమె అప్పుడే గమనించింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పదగ్గ మనుషులు ఇద్దరూ అక్కడే ఉన్నారు, చెప్పే సమయం కాదు.

బదులుగా లేచి, టేబుల్ మీది సైమన్ ఫోను తీసుకుంది. దాని వైరు ఇంకా మిక్సర్‌కే ఉంది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు సైమన్. అతను టేబుల్ దగ్గరికి వచ్చేలోపే ఆమె నొక్కేసింది.

ముందు ఏదో ఖాళీ గది చప్పుడు. బెంచీ కిర్రుమంది. తర్వాత సాల్మన్ గొంతు, ఏ వాయిద్యం లేకుండా, నిదానంగా, హాలు మధ్యలో నిలబడింది. ఒక పదం దగ్గర గొంతు కొంచెం జీరపోతే అదీ వినిపించింది.

కుర్చీలోని సాల్మన్ కప్పు దించలేదు, తాగలేదు. పాట అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

"రెండో చరణంల తాళం జారింది," అన్నాడు. తర్వాత తల ఎత్తి, "ఎప్పుడు పట్టినవ్ ఇది?" అని అడిగాడు.

అడిగింది కెజియాను కాదు.

"గుడ్ ఫ్రైడే నాడు," అన్నాడు సైమన్. "పొద్దుగాల. జనం రాకముందు."

"చెప్పకపోతివి."

"చెప్తే పాడకపోదువు డాడీ."

సాల్మన్ ఆ మాట కాదనలేదు. లేచి స్పీకరు దగ్గరికి వెళ్లి దాని జాలీ మీద చెయ్యి పెట్టి చూశాడు. అక్కడి నుంచి టేబుల్ దగ్గరికి వచ్చి, మిక్సర్ మీద ఒక బొత్తాన్ని వేలితో కొంచెం తిప్పి, మళ్లీ ఉన్నచోటికే తెచ్చాడు.

"పెండ్లిళ్లకు గింత పెద్దది ఎందుకు?"

సైమన్ కెజియా వంక చూశాడు. ఆమె టీ కప్పు తీసుకుని కడగడానికి వెళ్తున్నట్టు రెండడుగులు వేసి, ఆగింది.

"చర్చికి కూడా పనికొస్తదని."

"చర్చి అడిగిందా?"

"అడగలే."

"మరి?"

"పాతది పోయింది గదా డాడీ. నేను ఉద్యోగం ఇడ్సిపెట్టిన గని, ఆదివారం ఇడ్సిపెట్టలే."

సాల్మన్ కుర్చీలో తిరిగి కూర్చున్నాడు. ఆయన ఆలోచిస్తున్నాడని, తొందరపెట్టకూడదని కెజియాకు తెలిసింది. వంటింటి గుమ్మంలో నిలబడి కుక్కరు మూత తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"డబ్బా ఇస్త," అన్నాడాయన.

సైమన్ ఊపిరి వదిలిన చప్పుడు వంటింటి గుమ్మం దాకా వినిపించింది.

"రూల్ ప్రకారం ఇస్త. చర్చి సామాను ఏడికి పోయినా సంఘ పెద్ద ఎంబడి పోవాలె. ఐలయ్య ఇంట్ల ప్రార్థన కూడికకు జంపఖానాలు ఇచ్చినప్పుడు గూడ, వానల, అవి మళ్లా మడిచి ఆటోల ఎక్కించేదాక నేనక్కడనే కూసున్న. శనివారం డబ్బా ఎంబడి నేనొస్త. పక్కపొంటి కుర్చీ ఏస్కొని కూసుంట. అయిపోయినంక నేనే తీస్కొని వస్త."

"వద్దు," అన్నాడు సైమన్.

"ఏంది వద్దు?"

"నువ్వు రావద్దు డాడీ."

"నేను రాకపోతే అది రాదు."

"ఇంకో పెద్దను పంపు."

"శనివారం పూట ఎవరొస్తరు? అందరికి డ్యూటీలు. నాకే సెలవు."

"నువ్వు ముంగట కూసుంటే నా చెయ్యి లెవ్వది. ఆడ పెట్టేటియి వేరే పాటలు. నువ్వినేటియి గావు. ఒక పాటల ఇంకో పాట కలపాలె, మైకు పట్టుకొని అరవాలె, జనాన్ని లేపాలె. నువ్వు నన్ను చర్చిలనే చూసినవ్. ఇట్ల చూడలే."

"చూస్త."

"నాతోని కాదు. జర అర్థం చేస్కో."

"అంటే, నేను చూడలేని పని కోసం ఉద్యోగం ఇడ్సిపెట్టినవ్."

సాల్మన్ ఆ మాట కోపంతో అనలేదు. లెక్క చివర్లో వచ్చిన అంకెను చదివినట్టు అన్నాడు. అందుకే అది సైమన్‌కు ఇంకా గట్టిగా తగిలింది.

కెజియా ఫోను మోగింది.

"రసజ్ఞని అండి. సారీ, రేపటి దాకా అన్నాను కానీ, ఆ రెండో అతను ఇప్పుడే తేల్చమంటున్నాడు. బేస్ సంగతి ఏమైంది?"

హాల్లో ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. సైమన్ తల అడ్డంగా ఊపాడు. ఊపుతూ మధ్యలో ఆపేశాడు. కాదంటే సోమవారం ఆఫీసు. అవునంటే శనివారం, కుర్చీలో నాన్న.

"ఉంటుందండి," అంది కెజియా.

"ఖాయమేనా? నాకు మళ్లీ టెన్షన్ వద్దు."

"ఖాయమే. పెద్దది. మీకు పొట్టలోనే కాదు, కాళ్ల దాకా తగులుతుంది. సౌండ్ దగ్గర మా వాళ్లు ఇద్దరుంటారు. ఇద్దరికీ భోజనం చెప్పండి."

రసజ్ఞ నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు కెజియాకు ఎంతో బాగుంది. తర్వాత తల తిప్పి భర్తను చూసింది.

"ఏ ఇద్దరు?" అన్నాడు సైమన్.

"మామయ్య గారూ, మీరూ."

"నేను చెప్పింది విన్నవా నువ్వు?"

"విన్నాను. మీకు కుదరకపోతే మామయ్య గారూ, నేనూ వెళ్తాం. పాటలు నేను పెడతాను."

"నీకు రాదు."

"మంగళవారం నుంచి మీరు నేర్పుతున్నది ఏంటి మరి? సగం వచ్చింది. మిగతా సగం అక్కడ వస్తుంది."

"అది ఇంట్ల ఆట. ఆడ వంద మంది ఉంటరు. డాడీ ఉంటడు."

"ఉంటే ఏమైంది? మామయ్య గారి ముందు పాట పెట్టడానికి నాకేం భయం లేదు."

అన్నాక గాని అది ఎక్కడ తగులుతుందో ఆమెకు తెలియలేదు. సైమన్ చెవులు ఎర్రబడ్డాయి.

సైమన్ టేబుల్ దగ్గరికి వచ్చి, లాప్‌టాప్‌ను, కంట్రోలర్‌ను కలిపి పట్టుకుని ఆమె వైపు తిప్పాడు. స్పీకర్ల సౌండు పెంచాడు. రసజ్ఞ అడిగిన పాట తెర మీదికి తెచ్చి, చేతులు వెనక్కి తీసేసుకున్నాడు.

"శనివారం దాక ఎందుకు," అన్నాడు. "ఇప్పుడే పెట్టు. డాడీ ఇక్కడనే ఉన్నడు."

కెజియా మామగారి వంక చూసింది. ఆయన కళ్లజోడు సరిచేసుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, వీపు నిటారుగా, మొదటి స్వరం కోసం కాచుకున్న మనిషిలా కూర్చున్నాడు.

"పెట్టు బిడ్డా," అన్నాడు.

ఆమె వేలు బొత్తాం మీద ఆనింది. అది మెత్తగా, చల్లగా ఉంది. సైమన్ చేతులు వెనకే పెట్టుకుని, ఆమె వేలి వంకే చూస్తూ ఒక అడుగు దగ్గరికి జరిగాడు. ఆమె ఇంకా నొక్కలేదు.